మ్యాప్ మొత్తం క్లియర్ చేశా, ఒక్క చోటు కూడా గుర్తులేదు. మీకూ ఇంతేనా?

గాలిపటం88

ఫ్రెండ్స్, ఈ మధ్య ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ (అంటే మ్యాప్‌లో ఎటైనా మనిష్టం వచ్చినట్టు తిరిగేది) పూర్తి చేశాను. పేరు చెప్పను, చెప్తే ఫ్యాన్స్ వచ్చి థ్రెడ్‌ని వేరే దారి పట్టిస్తారు. మ్యాప్ మీదున్న ప్రతి ఐకాన్ దగ్గరికీ వెళ్లా, క్యాంపులన్నీ ఖాళీ చేశా, పెట్టెలన్నీ తెరిచా, ఇప్పుడు ఆ ప్రపంచంలో ఒక్క ఊరు గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదు. రేషన్ కార్డు మీద టిక్కులు కొట్టించుకున్నట్టు ఆడేశాను అంతే.

అదే ఎల్డెన్ రింగ్ తీసుకోండి. మొదటి ప్రాంతం లిమ్‌గ్రేవ్‌లో సరస్సు దగ్గర డ్రాగన్ కాల్చేసిన శిథిలాలు ఉంటాయి కదా, అక్కడ మెట్లు దిగి పెట్టె తెరిస్తే లోపల్నుంచి పొగ వచ్చి మనల్ని ఎత్తుకెళ్లి ఎక్కడో కేలిడ్‌లో ఒక గనిలో పడేస్తుంది, గనిలోంచి బయటపడేదాకా ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీద నొక్కి నేరుగా వేరే చోటికి వెళ్లడం) కూడా ఉండదు, పురుగు మనుషుల మధ్యలోంచి పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే ఆకాశం ఎర్రగా, అప్పటి మన లెవెల్‌కి అక్కడ కుక్క కరిచినా చచ్చిపోతాం. ఆ గని బయట నించున్న చోటు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

రెండూ ఓపెన్ వరల్డే. మరి తేడా ఎక్కడ? మీకు ఊరికే తిరగబుద్ధేసే గేమ్ ఏది, ఎందుకు? "గ్రాఫిక్స్ సూపర్" అని మాత్రం రాయకండి ప్లీజ్.

ఇరానీచాయ్

ఏంది భయ్ గింత సీరియస్ క్వశ్చనా. నాకైతే జీటీఏ శాన్ ఆండ్రియాస్, గంతే. నెట్ కేఫ్‌ల గంటకింత అని పైసలిచ్చి ఆడేటోళ్లం, మిషన్లు ఎవడు చేసిండు, సైకిల్ తీసుకొని కొండలెక్కుడే పని. షురూల లాస్ సాంటోస్ దాటి పక్క సిటీల అడుగు పెడితే నాలుగు స్టార్లు పడి పోలీసులు ఎంటవడ్తుండె, అయినా పోతుంటిమి. పోనియ్యరు అని తెల్సినంక ఇగ ఎట్ల ఆగుతం. మౌంట్ చిలియాడ్ అడివిల బిగ్‌ఫుట్ ఉన్నడని ఎవడో లేపిండు, కేఫ్ కేఫంతా దానెంబడే. లేడని ఇప్పుడు తెల్సు గని అప్పుడు ఆ పొగమంచుల, చెట్ల నడుమ, రాత్రి పూట తిరుగుతుంటే ఉన్నట్లే అనిపిస్తుండె.

2021ల రీమాస్టర్ అని ఒకటి ఇడ్సిండ్రు సూడు, దాంట్ల ఆ మంచే తీసి పారేసిండ్రు. కొండెక్కి సూస్తే సిటీలకు సిటీలు ఒక్క సూపుల కనవడ్డయ్. అరే గింత చిన్నదా మనం పోరగాళ్లప్పుడు తిరిగిన దునియా అనిపించింది. తర్వాత 2024 అప్‌డేట్‌ల మంచు మళ్ల తెచ్చి పెట్టిండ్రు అనుకో.

బహుభుజి

ఇరానీచాయ్ చెప్పిన మంచు ముచ్చట చాలా పెద్ద పాయింట్. నేను గేమ్స్‌లో ఎన్విరాన్‌మెంట్ ఆర్ట్ చేస్తాను (హైదరాబాద్, కంపెనీ వివరాలు అడగొద్దు). 2004లో ప్లేస్టేషన్ 2కి అంత దూరం గీసే శక్తి లేదు కాబట్టి మంచుతో కప్పేశారు, మొత్తం మ్యాప్ సుమారు 36 చదరపు కిలోమీటర్లే, అయినా రోడ్లు వంకర్లు తిప్పి, మధ్యలో కొండలు పెట్టి, అవతలి ఊరు ఇవతలికి కనపడకుండా చేసేసరికి ఒక రాష్ట్రం అంత అనిపించింది. ఎంత పెద్దది అనేది కాదు, ఒకేసారి ఎంత చూపిస్తున్నాం అనేదే అసలు పని.

దీన్నే కావాలని, లెక్కేసి చేసినవాళ్లు నింటెండో వాళ్లు. జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ వచ్చిన 2017లోనే జపాన్‌లో సెడెక్ అనే డెవలపర్ల సభలో వాళ్లే వివరంగా చెప్పారు. ఆ మ్యాప్‌లో ఎటు చూసినా త్రిభుజాలు. పెద్ద త్రిభుజం అంటే పర్వతం, దూరం నుంచి గుర్తుపట్టడానికి. మధ్య రకం అంటే గుట్టలు, దారికి అడ్డంగా పెట్టి వెనకున్నది దాచడానికి. గుట్ట ఎదురైతే ఎక్కుదామా చుట్టూ తిరుగుదామా అని నువ్వే తేల్చుకోవాలి, చుట్టూ తిరిగితే వాలు పక్కనుంచి అవతలున్న గుడి ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం కనపడుతుంది. మొత్తం ఒక్కసారే కనపడితే చూసి వదిలేస్తాం. కొస మాత్రమే కనపడితే కాళ్లు అటే పోతాయి.

అదే సభలో ఇంకో విషయం. మొదట్లో వాళ్లు టవర్లని ఆనవాళ్లుగా పెట్టి టెస్ట్ చేయిస్తే ఆడినవాళ్లలో ఎక్కువ మంది టవర్ నుంచి టవర్‌కి గీత గీసినట్టు నడిచేశారట, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టుంది అని విసుక్కున్నారట. అప్పుడు టవర్లూ గుళ్లూ గుర్రపు శాలలూ శత్రువుల క్యాంపులూ అన్నీ వేరే వేరే ఎత్తుల్లో, వేరే వేరే బలంతో మనల్ని లాగేలా మళ్లీ సర్దారు. రాత్రయితే దూరంగా వెలుగున్నది లాగుతుంది, ఆయుధం విరిగిపోతే క్యాంపు లాగుతుంది. గాలిపటం, నువ్వు ఆడిన గేమ్ ఆ మొదటి టెస్ట్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

రెండోషిఫ్ట్

మీరంతా పెళ్లికాని బ్యాచ్ అనుకుంటా. పిల్లలు పడుకుని, గిన్నెలు అయ్యి, నేను కూర్చునేసరికి పదకొండు, ఎంత లాగినా గంట. ఆ గంటలో గుట్ట చుట్టూ తిరిగి గుడి కొస చూసి మురిసిపోయే ఓపిక నాకు లేదు. నాకు ఐకాన్ కావాలి, అక్కడికి వెళ్లాలి, ఏదో ఒకటి పూర్తయిందని పడుకోవాలి.

ఎక్కితే మ్యాప్‌లో ఐకాన్లు తెరుచుకునే టవర్లని అందరూ తిడతారు కానీ ఫార్ క్రై 3లో రేడియో టవర్లు ఎక్కారా? ఒక్కోటి ఒక్కోలా కూలిపోయి ఉంటుంది, ఒక దాంట్లో మెట్లుంటే ఇంకో దాంట్లో అవతలికి దూకాలి, పైకెళ్లేకొద్దీ గాలి హోరు, రేకులు కిర్రుమని ఊగుతుంటాయి. 2007లో మొదటి అస్సాసిన్స్ క్రీడ్‌లో గోపురం అంచున కూర్చుంటే కెమెరా ఊరి చుట్టూ తిరిగేది, అక్కణ్ణుంచి గడ్డి బండిలోకి దూకేవాళ్లం. అప్పుడందరూ నోరెళ్లబెట్టి చూసినవాళ్లే. ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది తిట్టడం.

గాలిపటం88

అన్నా టవర్ ఎక్కడం బాగుంది, ఒప్పుకుంటా. ఎక్కాక మ్యాప్‌లో వచ్చిన ఐకాన్లలో ఒక్కటి చెప్పు, గుర్తున్నది.

రెండోషిఫ్ట్

టవరే గుర్తుంది 😄

బహుభుజి

చూశావా మరి. జెల్డాలోనూ టవర్లున్నాయి, కానీ ఎక్కితే ఉత్త నేల మ్యాప్ మాత్రమే వస్తుంది, కొండలూ ఏర్లూ గీతల్లో. ఏముందో ఒక్క ఐకానూ వేయదు. అక్కడే నిలబడి దూరదర్శినిలో చూసి, అదేంటో మెరుస్తోంది అనుకున్న చోట మనమే గుర్తు పెట్టుకోవాలి. అప్పుడది గేమ్ ఇచ్చిన పని కాదు, నువ్వు కనిపెట్టిన చోటు.

పాతసామాను

ఏం బ్బా, దూరదర్శినీ లేదు ఐకానూ లేదు, 2002లో మారోవిండ్ ఆడినోళ్లం మేము. ఆ గేమ్‌లో బాణం గుర్తు ఉండదు, డైరీలో రాసుండేది సదువుకోని పోవాల. బాల్మోరా ఊర్లో ఒకాయన పాత మరుగుజ్జుల కోటలో ఉండే పజిల్ పెట్టె తెమ్మంటాడు. యాడుంది అంటే, ఊరు దాటి దక్షిణానికి పో, సైనికుల కోట పక్కన తూర్పుకు తిరుగు, అవతల బూడిద లోయ మీద పాత వంతెన ఉంటాది, అది దాటు అని సెప్పి పంపిస్తాడు. నేను వంతెన ఎక్కకుండా లోయలోకి దిగి పొద్దుగూకులూ తిరిగినా, నెత్తి మీద ఆ దరిద్రపు రెక్కల జంతువులు కియ్యో అని, ఒగదాన్ని సంపితే ఇంగోటి. ఎట్లో పోతే తలుపు తెరుసుకోదు! గుండ్రంగా ఇనప గోళం మాదిరి తలుపు, తట్టినా తెరుసుకోదు, తన్నినా తెరుసుకోదు. పక్కన గొట్టానికి ఒక మర ఉంది సూడు, అది తిప్పితే గర్రుమని పక్కకి జరిగింది. ఆ సద్దు ఇప్పటికీ నా సెవుల్లో ఉంది. లోపల పెట్టె ఏమో ఇంత చిన్నది, అలమర అరలో పడుంది, దాని ముందర నుంచే ఎన్ని తూర్లు పోయింటానో.

దారి మనం కనుక్కుంటేనే అది మన ఊరైతాది. బాణం ఎంబడి పోతే బాణాన్నే సూస్తాం, సుట్టూ ఏముందో సూడం.

రెండోషిఫ్ట్

పొద్దుగూకులూ లోయలో తిరిగానని నువ్వే అంటున్నావ్ అన్నా. అది సరదానా? నేనైతే డిస్క్ విసిరేసేవాణ్ణి.

పాతసామాను

యిసిరేసినా నేనూ. మల్ల ఎతుక్కోని పెట్టినా.

బహుభుజి

పాతసామాను గారూ, మారోవిండ్‌లో ఎక్కువ భాగం చదువుకునే మాటలే కాబట్టి దారి చెప్పడం పేరాలకు పేరాలు రాయగలిగారు. 2006లో ఆబ్లివియన్‌కి వచ్చేసరికి ప్రతి డైలాగూ వాయిస్ రికార్డింగ్, దాంతోపాటే కంపాస్ మీద బాణం వచ్చింది. నా లెక్కలో ఈ రెండింటికీ సంబంధం ఉంది. స్టూడియోలో నటుణ్ణి కూర్చోబెట్టి తూర్పుకు తిరుగు పడమరకు తిరుగు అని చెప్పించి, తర్వాత మేము ఆ వంతెన జరిపితే మళ్లీ పిలిపించాలి. బాణమైతే ఎవర్నీ పిలవక్కర్లేదు. ఆటగాడి కోసం అంటారు కానీ సగం మా పని తేలిక కోసమే.

ప్రయాణం సంగతి కూడా అంతే. మారోవిండ్‌లో ఫాస్ట్ ట్రావెల్ ఉంది, కాకపోతే ఆ పెద్ద పురుగు బండి ఎక్కాలి, డబ్బులివ్వాలి, అది ఏ ఊళ్లకి వెళ్తుందో ఆ ఊళ్లకే. ఎక్కడికైనా క్లిక్ కొట్టి ఎగిరిపోతే మధ్యలో ఉన్న ఊరు ఉన్నట్టా లేనట్టా.

నీలివాన

చాలా రోజుల తర్వాత మంచి థ్రెడ్. నేను సియాటిల్‌లో ఉంటాను, బయట ఎలాగూ వానే కాబట్టి గేమ్‌లో కూడా నీళ్లలోనే 😀

ఎవరూ సబ్‌నాటికా గురించి చెప్పలేదేంటి? 2018లో ఫుల్ వెర్షన్ వచ్చింది. అందులో మ్యాపే లేదు! సముద్రం మధ్యలో ఒక చిన్న పాడ్‌తో మొదలవుతాం, చుట్టూ లోతు తక్కువ నీళ్లు, రంగు రంగుల చేపలు, హాయిగా ఉంటుంది. కొంచెం పక్కకి ఈదితే నేల ఒక్కసారి కిందకి పోతుంది, నీలం కాస్తా నల్లగా అయిపోతుంది, ఊపిరి అయిపోతోందని వార్నింగ్. మీరంతా కంటికి కనపడేవాటి గురించి మాట్లాడుతున్నారు, నాకు ఈ గేమ్‌లో దారి చూపించింది చెవులే. రీపర్ అని ఒక పెద్ద జంతువు ఉంటుంది, అది కనపడకముందే దాని అరుపు వినిపిస్తుంది, ఎటువైపో తెలీదు, మురికి నీళ్లలో ముందు ఏమీ కనపడదు. నేను ఇంజన్ ఆపేసి లైట్లు తీసేసి అలా ఉండిపోయాను కుర్చీలో, నిజంగా నా ఊపిరి కూడా బిగబట్టుకుని.

ఇంకోటి, అక్కడ గోడలుండవు కానీ లోతే గోడ. మొదట్లో సీమాత్ (మనం నడిపే చిన్న జలాంతర్గామి) 200 మీటర్లు దాటితే నలిగిపోతుంది. అప్‌గ్రేడ్ చేసుకుంటూ పోతే 900 దాకా దిగొచ్చు. ఆ అప్‌గ్రేడ్‌కి కావాల్సిన సరుకేమో ఇప్పుడు భయపడే చోటే దొరుకుతుంది. ఎవరూ వెళ్లమని చెప్పరు, వెళ్లాల్సి వస్తుంది.

రెండోషిఫ్ట్ గారూ, గంట టైమ్‌కి ఇది బాగా సరిపోతుంది, ఒక డైవ్ వేసి పైకొచ్చి పడుకోవచ్చు. నిద్ర పడుతుందో లేదో చెప్పలేను.

ఆయ్_గోదారి

ఆయ్, నేనొక మాట చెప్తానండి. కొండలూ లోయలూ సముద్రాలూ బానే ఉన్నాయండి, మనుషుల మాటేంటండి? నాకు మనుషుల్లేని చోట తిరగబుద్ధేయదండి బాబూ.

విచర్ 3లో మొదటి ఊరే, వైట్ ఆర్చర్డ్. ఒక ముసలావిడ ఎవరిదో తాళం వేసిన ఇంటి తలుపు బాదుతా ఉంటదండి. ఏమ్మా అంటే నా పెనం పట్టుకెళ్లాడు, ఇవ్వట్లేదు అంటది. రాక్షసుల్ని చంపే మొనగాడు పెనం తెచ్చివ్వాలండి! నవ్వుకుంటా తలుపు బద్దలుగొట్టి లోపలికెళ్తే అక్కడో శవం, పొయ్యిలో కాలిపోయిన కాయితాలు, ఒక ఒంటి కళ్లద్దం. పెనం చూస్తే శుభ్రంగా తోమేసుంది. మసి గీకి సిరా చేసుకున్నారండి! అంటే యుద్ధం జరుగుతున్న ఊళ్లో, అందులోనూ అంత చిన్న ఇంట్లో, ఎవడో గూఢచారి దాక్కుని ఏవో ఉత్తరాలు రాసుకున్నాడు. మనకెవరూ విడమర్చి చెప్పరు. బయటికొచ్చి పెనం ఇస్తే ఆవిడ, ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదే అని మురిసిపోద్దండి. అక్కణ్ణుంచి ఆ గేమ్‌లో ఏ గుమ్మం ముందు ఎవరు కూర్చున్నా ఆగి పలకరించానండి నేను.

అదే గేమ్‌లో స్కెలిగే దీవులకెళ్తే సముద్రం నిండా ప్రశ్న గుర్తులే, పడవేసుకుని వెళ్తే తేలే పీపాలు, మునిగిపోయిన పెట్టెలు, అన్నీ ఒకటే. అవి పెట్టింది ఎవరో గానీ పెనం కథ రాసినాయనకి చూపించి ఉండరండి.

ఇరానీచాయ్

పెనం మిషన్ ఎంటికలు నిక్కబొడుసుకున్నయ్ భయ్. నేను స్కిప్ కొట్టిన దాన్ని 🤦

గాలిపటం88

ఓకే, అయితే ఇప్పటికి అర్థమైంది ఏంటంటే మనం వెతుక్కున్నామా, మనకి అందించారా అనేది ఒక తేడా. కానీ బహుభుజి గారూ, జెల్డాలో మ్యాప్ అంతా దాచిన కోరోక్ విత్తనాలు 900 ఉన్నాయి కదా. అది కూడా టిక్కుల పనే కదా?

బహుభుజి

900 అన్నీ ఏరమని ఎవరు చెప్పారు నీకు 😀 సంచి మొత్తం పెంచుకోవడానికి 441 చాలు. మిగతావి ఎందుకంటే, ఎవరు ఎటు తిరిగినా కొన్ని తగలాలని. కొండ కొస మీద ఒంటరిగా ఒక రాయుంటుంది, ఎత్తితే విత్తనం ఇచ్చే కోరోక్ (చిన్న అడవి జీవి) ఒకడు దూకుతాడు. వరసగా రాళ్లుండి ఒకటి తక్కువుంటుంది, తెచ్చి పెడితే ఇంకొకడు. అంటే ఇక్కడికి ఎవడు వస్తాడులే అనుకుని నువ్వు ఎక్కిన కొసకి, మేము ముందే వచ్చి కూర్చున్నాం అని చేసినవాళ్లు పలకరించడం అది. మొత్తం 900 ఏరి తీసుకెళ్తే ఏమిస్తారో తెలుసా? బంగారు రంగులో ఒక పెంట ముద్ద. పనికిరాదు, అమ్ముడుపోదు.

ఇరానీచాయ్

హహహ నిజంగనా? గిదీ పద్ధతంటే. టిక్కులు కొట్టెటోనికి గదే ఇయ్యాలె.

మరి గా లెక్కలేనన్ని గ్రహాలున్న గేమ్‌ల సంగతేంది? నో మ్యాన్స్ స్కై 2016ల వచ్చినప్పుడు 18 పక్కన 18 సున్నాలన్ని గ్రహాలు అన్నరు. నేను ఓ పదిహేను ఇరవై సూసి ఇంటికొచ్చిన.

పాతసామాను

1996లో డాగర్‌ఫాల్ అని ఒగటి వచ్చింది, వేల ఊర్లు. ఒగ ఊరు సూస్తే అన్నీ సూసినట్లే. దాని తర్వాత వాళ్లే బుద్ధి తెచ్చుకోని మారోవిండ్‌లో ఒగ దీవి సేత్తో కట్టినారు.

నీలివాన

నో మ్యాన్స్ స్కైని అంత తీసిపారేయకండి, తర్వాత చాలా ఏళ్లు ఫ్రీ అప్‌డేట్స్ ఇచ్చి బాగా మార్చారు, నేను ఇప్పటికీ ఆడతాను. కాకపోతే అందులో నేను వెతకను, ఇల్లు కట్టుకుంటాను. నచ్చిన ఆకాశం ఉన్న గ్రహం దొరికేదాకానే తిరుగుడు. అదో రకం సరదా.

రెండోషిఫ్ట్

మనవైపు వాతావరణం ఉన్న గేమ్ ఒకటుంది, పూర్తి ఓపెన్ వరల్డ్ కాదు గానీ. 2017లో వచ్చిన అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ. ఒక చాప్టర్ మొత్తం పడమటి కనుమల్లో జీప్ వేసుకుని తిరగడమే, బురద, జలపాతాలు, హొయసల శిథిలాలు, ఏ చోటుకి ముందు వెళ్లాలో మనిష్టం. మ్యాప్ అంటే మనం ఆడే హీరోయిన్ క్లోయీ చేతిలో కాయితం, ఏదైనా కనిపెడితే పెన్నుతో దాని మీద గీసుకుంటుంది. మా ఆవిడ హళేబీడు చూసొచ్చింది, వెనకాల సోఫాలో కూర్చుని ఆ గోడ దగ్గర ఆగు, ఆ బొమ్మ దగ్గరికి వెళ్లు అని నన్ను తిప్పింది. మిషన్ ఆ రాత్రికి కదల్లేదు. ఐకాన్ కావాలన్న మనిషినే కానీ ఆ రోజు మాత్రం అడ్డు చెప్పలేదు.

మోడరేటర్

చర్చ బాగుంది. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ (జెల్డా తర్వాతి భాగం), ఎల్డెన్ రింగ్ చివరి భాగాల గురించి రాసేవాళ్లు స్పాయిలర్ ట్యాగ్ పెట్టండి. ఒకరిద్దరు కంప్లైంట్ చేశారు.

బహుభుజి

ట్యాగ్ అవసరం లేని ముక్క ఒకటి చెప్పి ఊరుకుంటా. 2023లో వచ్చిన టియర్స్‌లో నేల కింద చీకటి లోకం ఒకటుంది. పైన ఎక్కడ గుడి ఉందో సరిగ్గా దాని కింద వెలుగునిచ్చే పెద్ద చెట్టు వేరు లాంటిది ఒకటి ఉంటుంది, పైన కొండైతే కింద గొయ్యి. ఇది గేమ్‌లో ఎవరూ నీకు పాఠంలా చెప్పరు. రెండు మ్యాపులూ మార్చి మార్చి చూస్తుంటే ఏదో ఒక క్షణంలో తడుతుంది, ఆ తర్వాత పైన తిరిగినా కింద తిరిగినా రెండు లోకాల్లో ఒకేసారి తిరుగుతున్నట్టే.

గాలిపటం88

అందరికీ థ్యాంక్స్. మీ మాటలు పట్టుకుని నిన్న ఫ్రెండ్ దగ్గర ఘోస్ట్ ఆఫ్ సుషిమా మళ్లీ మొదలుపెట్టా. అందులో మినీమ్యాప్ ఉండదు, టచ్‌ప్యాడ్ పైకి తోస్తే గాలి వెళ్లాల్సిన వైపుకి వీస్తుంది, గడ్డి అంతా అటే వంగుతుంది. అది కూడా బాణమే కదా అని పాతసామాను అన్న అంటాడేమో గానీ, కళ్లు స్క్రీన్ మూలకి కాకుండా పొలం మీద ఉంటున్నాయి. దారిలో పసుపు పిట్ట కనపడితే దాని వెనకాలే పోయి మిషన్ మర్చిపోయా.

సరే, నా సొంత లాప్‌టాప్ పాతది, గ్రాఫిక్స్ కార్డ్ 1650. దాంట్లో ఏది వేసుకోమంటారు?

పాతసామాను

మారోవిండ్ కొనుక్కోని ఓపెన్ఎండబ్ల్యూ ఇంజన్ ఎక్కించు. ఫ్రీగా దొరుకుతాది, కొత్త సిస్టమ్‌లో సాఫీగా నడుస్తాది. వికీ తెరిస్తే నీతో మాట్లాడను.

ఆయ్_గోదారి

విచర్ 3 పాత వెర్షన్ లాగేస్తదండి ఆ కార్డు. ప్రశ్న గుర్తులు ఆపేసుకుని ఆడండి, ముసలావిణ్ణి అడిగానని చెప్పండి.

నీలివాన

సబ్‌నాటికా హాయిగా నడుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకో తమ్ముడూ. ఒక్కటి మాత్రం విను, కూలిపోయిన పెద్ద ఓడ కనపడుతుంది, అరోరా అని. మొదట్లోనే దాని చుట్టుపక్కల లోతు నీళ్లలోకి వెళ్లకు.

గాలిపటం88

అంటే ముందు అక్కడికే వెళ్లాలన్నమాట.

ఇరానీచాయ్

గట్లనే భయ్. నాలుగు స్టార్లు పడనీ.

నీలివాన

నేను చెప్పాల్సింది చెప్పాను. ముందు సేవ్ చేసుకుని వెళ్లు, అందులో ఆటోసేవ్ ఉండదు.